పాత పికప్‌కు కమాన్లు, షాకులు మార్చే ముందు ఈ లెక్క చూసుకోండి

మొన్న మా సైట్ పికప్ ఫోటో పెడితే చాలామంది అడిగిండ్రు, "అన్నా, వెనక కమాన్లు ఏవి వేయించిండ్రు? షాకులు ఎట్లాంటివి తీసుకున్నరు?" అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే టైం లేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నం. కొంచెం పెద్ద పోస్టు, సెలవు రోజు తీరికగా చదవండి. బండి నడిపే తమ్ముళ్లుంటే వాళ్లకు పంపండి.

ముందే ఒక మాట. మేము మెకానిక్‌లం కాము. పదో తరగతి చదివి, సైట్‌లో కడ్డీ, కాంక్రీటు లెక్కలు చూసుకునేటోళ్లం. కానీ పొద్దున నాలుగున్నరకు సజా క్యాంపు నుంచి బయలుదేరి, ధైద్ దాటి మసాఫీ దిక్కు సైటుకు పోయి, చీకటి పడ్డాక తిరిగి వచ్చేది ఆ బండిలోనే. డ్రైవర్ తమ్ముడితో కలిపి ఐదుగురం. బండి కింద ఏం అరిగిందో ఆఫీసుల కూర్చున్నోళ్లకు కాగితం మీద తెలుస్తది, మాకు నడుముల తెలుస్తది.

మాది 2012 మోడల్ హైలక్స్, డబుల్ క్యాబిన్, 2.7 పెట్రోల్. ఇంజిన్‌కు ఇప్పటికీ ఢోకా లేదు. 2024 ఏప్రిల్ 16న పడ్డ వాన మీ అందరికీ గుర్తుండే ఉంటది. ఇక్కడ 1949 నుంచి వాన లెక్కలు రాస్తున్నరు, అంత వాన ఎన్నడూ పడలేదు. అల్ ఐన్ దిక్కు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు దాటింది. షార్జాలో నీళ్లు రోజుల తరబడి నిలిచినయ్. మా బండి కూడా యాక్సిల్ మునిగేదాకా రెండు రోజులు నీళ్లల్లనే ఉంది. ఆ మట్టి నీళ్లు కమాన్ పట్టీల సందుల్లోకి పోయి తుప్పు పట్టింది. అప్పటికే పట్టీలు అలిసిపోయి ఉన్నయి. ఆ తర్వాత రోజురోజుకూ వెనక భాగం కుంగుకుంట వచ్చింది.

ఎట్ల తెలిసింది అంటే, ఒకటి కాదు, నాలుగైదు గుర్తులు. స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగ ఎక్కించినా వెనక 'ధన్' మని రబ్బరు దిమ్మకు తగిలేది. రాత్రి ఎదురు వచ్చే బండ్లు లైట్లు కొట్టేవి. మేము హై బీమ్ వేయలేదు, వెనక కుంగితే ముందు లేస్తది, లైటు పైకి పోతది. వెనక టైరు మీద చెయ్యి పెట్టి తిప్పితే గుంటలు గుంటలుగా అరిగి ఉంది. షాకు ఒంటి మీద నూనె కారి, దానికి ఇసుక అంటుకుని నల్లగ పేరుకుపోయింది. పాసింగ్ తేదీ నెల రోజుల్లో ఉంది. ఇగ ఆగితే లాభం లేదని అందరం కూర్చున్నం.

ఇక్కడ చాలామంది మనోళ్లు కలిపేసే విషయం ఒకటుంది. కమాన్ వేరు, షాక్ వేరు. కమాన్ అంటే విల్లు. కరీంనగర్‌ల కమాన్ చౌరస్తా తెలిసినోళ్లకు ఆ వంపు ఎట్లుంటదో చెప్పాల్సిన పని లేదు. షార్జాలో పఠాన్ ఉస్తాద్ 'కమానీ' అన్నా, మన లారీ మేస్త్రి 'కమాన్ కట్ట' అన్నా అదే వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్ట. బరువు మోసేది అదే. షాక్ బరువు మోయదు. దాని పని కమాన్ ఊపును ఆపుడు. గుంతలో పడ్డప్పుడు కమాన్ వంగి మళ్లీ లేస్తది, వదిలేస్తే అట్లనే నాలుగైదు సార్లు ఊగుతది. షాక్ లోపల నూనె సన్న రంధ్రాల్లో నుంచి పోతూ ఆ ఊపును వేడిగ మార్చి చంపేస్తది.

అందుకే బండి కుంగింది అంటే కొత్త షాకులు వేస్తే లేవదు. బండి ఊగుతుంది అంటే కమాన్ పట్టీ కలిపితే ఆగదు, ఇంకా ఎక్కువ ఎగురుతది. రెండిట్ల ఏది పోయిందో ముందు తెలుసుకోవాలి.

కమాన్ చూసే పద్ధతి: చదునైన కాంక్రీటు మీద బండి నిలబెట్టి, చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలవండి. రెండు దిక్కులా కొలవండి. మాకు డ్రైవర్ దిక్కు రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. తర్వాత పట్టీలను ఒక్కొక్కటిగ టార్చి వేసి చూడండి. నడిమి బోల్టు దగ్గర, కొసన చెవి దగ్గర పగుళ్లు వస్తయి. మా ఎడమ కట్టలో మూడో పట్టీ వెంట్రుక మందం పగిలి ఉంది.

షాక్ చూసే పద్ధతి: సన్న నూనె తడి ఉంటే భయం లేదు, కారి చుక్కలు పడుతుంటే పని అయిపోయినట్టే. బండి మూల మీద గట్టిగ నొక్కి వదిలేస్తే ఒకసారి లేచి ఆగాలి, రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టు. ఇంకోటి, చలికాలం పొద్దున గతుకుల రోడ్డు మీద పది ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి, మండే సైలెన్సర్ పైపుకు దూరంగ, చెయ్యి వెనక వైపుతో షాకులను తాకి చూడండి. పనిచేసే షాక్ వెచ్చగ ఉంటది. చల్లగ ఉన్నది పని చేస్తలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఏ కమాన్ వేయించాలి అని దుకాణంల అడిగితే, వాడు తిరిగి మనల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: రోజూ ఎంత బరువు మోస్తరు? వాడు అడగకపోయినా మనం చెప్పాలి. 12 ఎంఎం కడ్డీ మీటరుకు ఎంత అంటే మనోళ్లను నిద్రలో లేపినా చెప్తరు. 12 ఇంటూ 12, దాన్ని 162తో భాగిస్తే 0.89 కిలో. 12 మీటర్ల కడ్డీ 10.7 కిలోలు. అదే లెక్క బండికి కూడా వేయాలి.

మేము ఒక కాగితం మీద రాసినం. మనుషులం ఐదుగురం, ఒక్కొక్కరికి 75 కిలోలు వేసుకున్నా 375. ఎప్పుడూ బండిలోనే ఉండే సామాను: టూల్ బాక్స్ 70, చిన్న జనరేటర్ 50, బ్రేకర్ మిషన్ 30, కేబుల్ చుట్టలు 40, నీళ్ల క్యాన్లు నాలుగు 80, పైన పైపుల ర్యాక్ 40. మొత్తం 310. దీని మీద స్కాఫోల్డింగ్ పైపులు. ఆరు మీటర్ల పైపు ఒకటి 26 కిలోల దాకా ఉంటది, పది వేస్తే 260. అంతా కలిపితే 945 కిలోలు.

ఇప్పుడు మీ ముల్కియా తీసి చూడండి. దాని మీద ఖాళీ బరువు ఉంటది, జీవీడబ్ల్యూ అని మొత్తం బరువు కూడా ఉంటది. రెండోదాంట్ల నుంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మన బండి మోయాల్సిన బరువు. అందులో మనుషులు కూడా లెక్కే. ఈ మాట చాలామంది మరుస్తరు. వెనక తొట్టిల ఉన్నదే లోడు అనుకుంటరు. ఉదాహరణకు ఆ తేడా 950 వచ్చిందనుకోండి. పైన మేము రాసిన లెక్కతోనే బండి నిండిపోయింది. పైపుల బదులు పది బస్తాల సిమెంటు ఎక్కిస్తే, బస్తా 50 కిలోలు గదా, 375, 310, 500 కలిపి 1185. అంటే 235 కిలోలు ఎక్కువ.

ఈ కాగితం చేతిలో పెట్టుకుని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల నాలుగు దుకాణాలు తిరిగినం. నాలుగు రకాల సలహాలు వచ్చినయి.

మొదటాయన పాత కట్టలోనే ఒక పట్టీ ఎక్కువ వేస్తనన్నడు. చవక, గంట పని. పాత పట్టీలు బాగుండి, కొంచెమే బలం కావాలంటే ఇది నడుస్తది. కానీ అలిసిపోయిన పట్టీల నడుమ కొత్త గట్టి పట్టీ ఒకటి పెడితే బరువంతా దాని మీదనే పడతది. మాకైతే ఒక పట్టీ పగిలే ఉంది, ఇది కుదరదు.

రెండో ఆయన కమాన్‌కు, యాక్సిల్‌కు నడుమ ఇనుప దిమ్మ పెట్టి ఎత్తు పెంచుతనన్నడు. చూసేటందుకు బండి లేస్తది. మోసే బలం ఒక్క కిలో పెరగదు.

మూడో ఆయన పాత పట్టీలనే వేడి చేసి కొట్టి వంపు తెస్తనన్నడు. మన దిక్కు కూడా రోడ్డు పక్కన ఇట్ల చేస్తరు. కమాన్ ఉక్కుకు బలం వచ్చేదే దాన్ని కాల్చి చల్లార్చిన పద్ధతి నుంచి. మళ్లీ ఇష్టం వచ్చినట్టు కాలిస్తే ఆ గుణం పోతది. కొన్ని నెలలకే మళ్లీ కుంగుతది, లేకపోతే విరుగుతది.

నాలుగో ఆయన అన్నిటికన్న బలమైన కట్ట చూపించిండు. ఎప్పుడూ 500 కిలోల సామాను తొట్టిలో ఉండే బండ్లకు చేసింది. ఆఫీసుల పర్చేజ్ చూసే ఆయనకు ఇదే నచ్చింది. "ఎట్లాగూ డబ్బులు పెడుతున్నం గదా, హెవీ వేయిస్తే సిమెంటు కూడా మీరే తెచ్చుకోవచ్చు, డెలివరీ ఖర్చు మిగులుతది" అన్నడు.

అన్నలారా, మేము ఇంత పెద్ద పోస్టు రాసేది ఈ మాట కోసమే. కమాన్ మారిస్తే బండి వెనక కుంగకపోవచ్చు. కానీ బ్రేకులు అవే, యాక్సిల్ అదే, బేరింగులు అవే, టైర్లు అవే, చాసిస్ అదే. ముల్కియా మీద రాసిన బరువు ఒక్క కిలో కూడా పెరగదు. ఇంతకుముందు బండి కుంగి "చాలు, ఇంక వేయకు" అని మనకు చెప్పేది. హెవీ కమాన్ వేస్తే ఆ గుర్తు కూడా కనబడదు.

దీంట్ల ఇంకో సంగతి ఉంది, చాలామంది డ్రైవర్ తమ్ముళ్లకు తెలియదు. హైలక్స్ లాంటి పాత పికప్‌లలో చాలావాటికి వెనక యాక్సిల్ నుంచి ఒక సన్న కడ్డీ, చాసిస్ మీద ఉన్న బ్రేకు వాల్వుకు పోతది. బండి వెనక ఎంత కుంగిందో చూసి, ఆ వాల్వు వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయిస్తది. లోడు ఉంటే ఎక్కువ, ఖాళీగ ఉంటే తక్కువ. ఇప్పుడు గట్టి కమాన్ వేసినం, నిండా లోడు ఎక్కించినం, బండి కుంగలేదు. ఆ వాల్వు బండి ఖాళీగ ఉందనుకుంటది. వెనక బ్రేకు తక్కువ పంపుతది. మసాఫీ గుట్టల నుంచి దిగేటప్పుడు 1185 కిలోలతో ఆ భారమంతా ముందు బ్రేకుల మీదనే పడతది. దిమ్మ పెట్టి ఎత్తు పెంచినా ఇదే కథ. మీ బండి కిందికి వంగి ఆ కడ్డీ ఉందా చూడండి. ఉంటే, ఎత్తు మారినప్పుడు దాన్ని తెలిసిన మెకానిక్‌తో మళ్లీ సెట్ చేయించాలి.

హెవీ కమాన్‌తో ఖాళీగ తిరిగినా ఇబ్బందే. వెనక చక్రాలు గతుకుల మీద ఆనకుండ ఎగురుతయి, వాన పడ్డ రోజు పక్కకు జారుతయి. వెనక సీట్ల కూర్చున్న ముగ్గురి నడుములు పోతయి. అందుకే ఏడాదికి పది సార్లు మోసే బరువుకు కాదు, రోజూ మోసే బరువుకు కమాన్ ఎంచుకోవాలి. మాకు తొట్టిలో రోజూ ఉండేది 310, అప్పుడప్పుడు పైపులు. అందుకని 300 కిలోల దాకా ఎప్పుడూ ఉండే బండ్లకు చేసిన నడిమి రకం కట్ట, ఎత్తు కంపెనీ ఎత్తే ఉండేట్టు అడిగినం. మీ తొట్టి సగం రోజులు ఖాళీగ ఉంటే కంపెనీ కట్టే చాలు. ఎత్తు పెంచాలని మోజు ఉన్న తమ్ముళ్లకు చెప్పేది, ఇక్కడ అనుమతి లేకుండ బండి రూపం మారిస్తే పాసింగ్‌లో ఆపుతరు, పోలీసు ఆపితే జరిమానా కూడా.

ఇంక షాకులు. కమాన్ ఏదో తేలినాకనే షాక్ తీసుకోవాలి, ఎందుకంటే దాని ఊపును ఆపేది ఇదే. గట్టి కమాన్‌కు మెత్తటి షాక్ వేస్తే బండి ఎగురుతది. మెత్తటి కమాన్‌కు మరీ గట్టి షాక్ వేస్తే ప్రతి రాయీ నడుముకు తగులుతది. పొడవు కూడా చూడాలి. ఎత్తు పెరిగిన బండికి మామూలు షాక్ వేస్తే అది పూర్తిగ సాగి తెగుతది. ఎత్తు పెరగని బండికి పొడుగు షాక్ వేస్తే కింద కొట్టుకుని పగులుతది.

రకాలు మూడు చూపిస్తరు. ఒకటి ఉత్త నూనెది. చవక, కానీ గతుకుల మట్టి రోడ్డు మీద గంటసేపు నడిస్తే లోపల నూనె నురుగు కడతది, అప్పుడు ఊపు ఆపదు. రెండోది గ్యాస్ షాక్, లోపల నూనెతో పాటు కొంచెం నైట్రోజన్ ఒత్తిడి ఉంటది, నురుగు తక్కువ. మూడోది మోనోట్యూబ్, ఒక్కటే గొట్టం. వేడి తొందరగ బయటికి పోతది, బాగ పనిచేస్తది, కానీ ధర ఎక్కువ. దాని ఒంటికి పెద్ద రాయి తగిలి సొట్ట పడితే లోపల పిస్టన్ పట్టేస్తది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు దాకా మనుషులకే ఎండల పని బంద్ పెట్టే దేశం ఇది, నూనె సంగతి చెప్పేదేముంది. మా దారి సగం తారు, సగం కంకర. మేము రెండో రకం, రెండు గొట్టాల గ్యాస్ షాక్ తీసుకున్నం.

పాత సామాన్ల మార్కెట్ గురించి అడిగేటోళ్లకు: పాత కమాన్ కట్ట వంపు బాగుండి, పగుళ్లు లేకుంటే, తక్కువ నడిచిన బండిదైతే తీసుకోవచ్చు. పాత షాక్ మాత్రం వద్దు. లోపల ఏముందో బయటికి కనబడదు. కొత్త దాంట్ల నకిలీలు చాలా ఉన్నయి. పేరున్న డబ్బా చూసి మోసపోకండి. పార్ట్ నంబర్ డబ్బా మీదా షాక్ ఒంటి మీదా ఒకటే ఉండాలి, వెల్డింగు సాఫీగ ఉండాలి, కడ్డీ అద్దంలాగ మెరవాలి. గ్యాస్ షాక్‌ను చేత్తో నొక్కి వదిలితే దానంతట అదే మెల్లగ పైకి రావాలి. బిల్లు మీద పార్ట్ నంబర్ రాయించుకోండి. ధరలు మేము రాయడం లేదు, రోజుకో తీరు ఉంటయి. మూడు దుకాణాలు అడిగితే మీకే తెలుస్తది.

బిగించేటప్పుడు పక్కన నిలబడి ఇవి చూసుకోండి.

1. కమాన్లు గానీ షాకులు గానీ జతగానే మార్చాలి. ఒక్క దిక్కు మారిస్తే బండి పక్కకు లాగుతది.

2. యూ బోల్టులు కొత్తవే వేయాలి. పాతవి ఒకసారి సాగినయి, మళ్లీ బిగిస్తే పట్టు ఉండదు.

3. నడిమి బోల్టు తల యాక్సిల్ మీది రంధ్రంల సరిగ కూర్చోవాలి. లేకపోతే యాక్సిల్ వంకరగ నిలుస్తది.

4. బుష్‌లు కొత్తవి వేయాలి. ఆ బోల్టుల ఆఖరి బిగింపు బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకనే. గాలిల ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలికపడి తొందరగ తెగుతది.

5. రెండు గొట్టాల షాక్‌ను బిగించే ముందు నిలువుగ పట్టి నాలుగైదు సార్లు నొక్కి సాగదీయాలి. లోపలి గాలి పోతది.

6. 500 కిలోమీటర్లు నడిచినాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. హెడ్‌లైట్లు సెట్ చేయించాలి. ముందు షాకులు మారిస్తే అలైన్‌మెంట్ కూడా.

7. క్యాంపు వెనక ఇసుకల జాకీ పెట్టి మీరే విప్పకండి. జాకీ దిగబడుతది. వంగి ఉన్న కమాన్ తప్పించుకుంటే చెయ్యి పోతది.

ఇంక ఆఫీసు సంగతి. నోటితో చెప్తే ఎవరూ వినరు, కాగితం కావాలి. మేము మూడు కొటేషన్లు, బరువుల లెక్క, ముల్కియా కాపీ, పగిలిన పట్టీ ఫోటో, టైరు ఫోటో అన్నీ కలిపి ఎల్‌పీఓ కోసం పెట్టినం. కింద ఒక లైను రాసినం, "ఈ బండి మొత్తం బరువు ఇంత, మనుషులు, రోజూ ఉండే సామాను పోతే మిగిలేది ఇంత, సిమెంటు దీంట్ల రాదు" అని. పర్చేజ్ ఆయన మొదట గునిసిండు. అప్పుడు మా డ్రైవర్ తమ్ముడే అన్నడు, "సార్, జరిమానా కంపెనీ కడితే కడతది. బ్లాక్ పాయింట్లు పడేది నా లైసెన్సు మీద. 24 అయితే లైసెన్సు ఆపేస్తరు. ఆ లైసెన్సు కోసం ఊర్ల అప్పు తెచ్చిన, అది ఇంకా తీరలేదు." ఆయన ఇంకేం మాట్లాడలేదు. సంతకం పెట్టిండు.

వెనక కమాన్లు, షాకులు, బుష్‌లు, యూ బోల్టులు వచ్చినయి. పాసింగ్ అయింది. రెండు దిక్కులా ఎత్తు సమానంగ ఉంది. మొదటి వారంల ఒక సెంటీమీటరు దాకా సర్దుకుంది, కొత్త కమాన్‌కు అది మామూలే. ఖాళీగ ఉన్నప్పుడు కొంచెం గట్టిగ తగులుతది, లోడు మీద సాఫీగ పోతది. సిమెంటు ఇప్పుడు సప్లయర్ లారీలనే వస్తది. స్టోర్ ఆయన అప్పుడప్పుడు "రెండు బస్తాలే గదా" అంటడు. ఆ రోజు పైపులు లేకుంటేనే ఎక్కిస్తున్నం, లేకపోతే కాగితం చూపిస్తున్నం. ముందు షాకుల జత వచ్చే నెల అన్నరు. ఇంకా రాలేదు, అడుగుతనే ఉన్నం.

ఒక్క విషయం మాత్రం అడుక్కుంటున్నం. ఎంత మంచి కమాన్ వేసినా వెనక తొట్టిల మనుషుల్ని ఎక్కించుకోకండి. చట్టం ఒప్పదు. అది పక్కన పెట్టినా, సామాను ఎగిరి పడితే మళ్లీ ఎత్తుకోవచ్చు, మనిషి పడితే ఏం చేస్తం.

మీ బండి ఏ మోడల్, తొట్టిలో రోజూ ఏమేం ఉంటది, ముల్కియాలో రెండు బరువుల తేడా ఎంత, ఈ మూడూ కింద రాయండి. మాకు తెలిసింది మేము చెప్తం, ఇక్కడ మనోళ్లల్ల గ్యారేజీలో పనిచేసే అన్నలు ఉన్నరు, వాళ్లు ఇంకా బాగ చెప్తరు. రేపు పొద్దున బండి ఎక్కే ముందు టార్చి పట్టుకుని ఒక్కసారి కిందికి వంగి చూడండి.